ఆమడదూరంగారి ఫోటోలో చైర్మన్ ఎక్కడ?

పత్రికాఫీసులో ఆయన్ని అందరూ ఆమడదూరం అంటారు. ముఖం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు. ఫోటోగ్రాఫరన్నవాడెవడైనా తీయాల్సిన మనిషికి దగ్గరగా జరుగుతాడు. ఈయన మాత్రం కెమెరా చేతిలోకి రాగానే వెనక్కి నడవడం మొదలుపెడతాడు. గోడ తగిలేదాకా నడుస్తాడు. గోడకి తలుపుంటే అది తీసుకుని బయటికి కూడా వెళ్తాడు. అక్కడ నిలబడి కిటికీలోంచి తీస్తాడు. ఆ ఫోటోలో పెద్దమనిషి ఆవగింజంత ఉంటాడు. ఆయన గదిలోని బీరువా, బీరువా మీద దుమ్ము, దాని పక్కన కునికిపాట్లు పడుతున్న బంట్రోతు, బంట్రోతు ఒళ్ళో పిల్లి మాత్రం నిక్షేపంగా ఉంటాయి.

ఆ ఆవగింజల్ని గుమ్మడికాయలు చేయడం ఆయన మేనకోడలి ఉద్యోగం. సొంత అక్క కూతురు. అదే పత్రికలో పేజీలు కూరుస్తుంది. మావయ్య తెచ్చిన ఫోటోని కంప్యూటర్ మీద పరిచి, పైనా కిందా పక్కలా కోసిపారేసి, మధ్యలో దాక్కున్న పెద్దమనిషిని వెతికి పట్టుకుని, లాగి, పెంచి, పేజీలో కూర్చోబెడుతుంది. అందుకని ఆఫీసువాళ్ళు ఆమెకు కత్తెర అని పేరు పెట్టారు. మావయ్య పరుస్తాడు, కోడలు కోస్తుంది, ఇద్దరికీ జీతాలు ఎడిటర్ ఇస్తాడు. పత్రిక నడిచే పద్ధతి అదీ.

ఒకసారి కత్తెర తండ్రికి పాస్‌పోర్టు ఫోటో అవసరమైంది. ఇంట్లో ఫోటోగ్రాఫరుండగా బయటి స్టూడియో ఎందుకని ఆయన బావమరిదికి కబురుపెట్టాడు. ఆమడదూరం వచ్చి, బావగారిని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, తను వీధి దాటి ఎదురింటి మేడెక్కాడు.

“ఏమయ్యోయ్, నా ఫోటో తీస్తున్నావా, నా ఇల్లు అమ్మకానికి పెడుతున్నావా?” అని బావగారు కింద నుంచి కేకేశాడు.

“కదలకండి బావా! బ్రహ్మాండంగా ఉంది!”

పాస్‌పోర్టు ఆఫీసులో అధికారి ఆ ఫోటోని కళ్ళద్దాలతో ఒకసారి, కళ్ళద్దాలు తీసి ఒకసారి చూసి, “ఇందులో మీరెవరండీ?” అన్నాడు. బావగారు వేలుపెట్టి చూపించాడు. “అది పూలకుండీ కదండీ,” అన్నాడు అధికారి. ఫోటోలో ముక్కూమొహం తెలుస్తున్నది ఒక్కరికే. పక్కింటి గోడ దగ్గర ఉడుతకి బిస్కెట్టు ముక్క అందిస్తున్న ఇస్త్రీ అబ్బాయికి. పాస్‌పోర్టు అతనికి ఇవ్వడానికి అధికారికి అభ్యంతరం లేదట.

“ఎందుకురా నాయనా, కాస్త దగ్గరికొచ్చి తీస్తే నీ సొమ్మేం పోయింది?” అని అక్క మొత్తుకుంది.

“నా లెన్సుకి చత్వారం అక్కా. దగ్గరివి ఆనవు.”

ఇదొక్కటే ఆయన సమాధానం అనుకోవద్దు. అడిగినవాళ్ళని బట్టి మారుతుంది. ఎడిటర్ అడిగితే “జంతువులకి నా మొహం నచ్చదండీ, దగ్గరికెళ్తే బెదురుతాయి” అంటాడు. పురపాలక సంఘం చైర్మన్ పీయే అడిగితే “సార్ తేజస్సుకి కెమెరా తట్టుకోలేకపోతోంది” అంటాడు. పీయే ఆ ముక్క రాసుకుని మరీ వెళ్తాడు.

జంతువుల సంగతి ఎందుకొచ్చిందంటే, ఆ పత్రికలో ఆదివారం ఆదివారం ‘ప్రాణిమిత్రులు’ అని ఒక శీర్షిక వస్తుంది. మనిషి మంచివాడని జనం నమ్మాలంటే పక్కన ఒక జంతువుండాలని ఆ ఊరి పెద్దలు ఎప్పుడో కనిపెట్టారు. పక్కన పెళ్ళాం ఉంటే నమ్మరు, పిల్లలుంటే నమ్మరు, కుక్కపిల్ల ఉంటే నమ్ముతారు. కార్మికుల్ని గెంటేసిన ఫ్యాక్టరీ యజమాని ఆ వారమే పావురాలకి గింజలు వేస్తాడు. ఇళ్ళు కూలగొట్టించిన అధికారి తాబేలుని దత్తత తీసుకుంటాడు. తాబేలుకి తన ఇల్లు తనతోనే ఉంటుంది కాబట్టి దానికేం భయం లేదు.

గుర్రంతో దిగిన వ్యాపారి ఫోటో కత్తెరకి బాగా గుర్తు. కళ్ళెం పట్టుకుని, ఛాతీ విరిచి, గుర్రం మీద సేనాపతిలా ఉన్నాడు. మావయ్య తెచ్చిన అసలు ఫోటోలో మాత్రం ఆయన గుర్రం మీద లేడు. గుర్రం వెనకాల స్టూలు మీద నిలబడ్డాడు. స్టూలుని ఒకడు పట్టుకున్నాడు, గుర్రాన్ని ఒకడు పట్టుకున్నాడు, వ్యాపారి నడుముని ఇంకొకడు పట్టుకున్నాడు.

“మావయ్యా, ఈ స్టూలుని ఏం చెయ్యమంటావ్?”

“నన్నడుగుతావేం? కత్తెర నీ చేతిలో ఉంది. ఇక్కడ కోస్తే వీరుడు, కొయ్యకపోతే స్టూలు.”

ఆమె కోసేసింది. కాలేజీ ప్రిన్సిపాల్ కుందేలుతో దిగినప్పుడూ అంతే. ఫోటో చివర అటెండరు వేళ్ళకి కట్టుకట్టుకుని నిలబడి ఉన్నాడు. కుందేలు ప్రిన్సిపాల్ ఒళ్ళో కుదురుగా కూర్చునేలోపు దాని పళ్ళకి దొరికిన మొదటి ప్రాణిమిత్రుడు ఆయనే. “శీర్షికలో ఒక్కరికే చోటు,” అన్నాడు ఎడిటర్. అటెండరు పోయాడు, కుందేలు మిగిలింది.

“ఇంత వెడల్పున తీసి నాకు పని పెంచడం తప్ప నీకొచ్చేదేంటి మావయ్యా?” అని ఆమె ఎన్నోసార్లు విసుక్కుంది.

“వస్తుందిలేవే కోడలు పిల్లా,” అని ఆయన మెడలో కెమెరా సర్దుకుని వెళ్ళిపోయేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కవరు ఉబ్బెత్తుగా ఉండేది. బీడీలు కాబోలనుకుంది కత్తెర.

ఇలా ఉండగా ఊళ్ళో జంతు సంరక్షణ కేంద్రం పెట్టారు. కేంద్రమంటే ఒక గది, గదికో బోర్డు. బోర్డు గదికన్నా పెద్దది. పురపాలక సంఘం చైర్మన్ దాన్ని ప్రారంభించి, కుక్కపిల్లని ఎత్తుకుని ముద్దాడాలి. పట్టపగలే అయినా బోర్డు చుట్టూ రంగు బల్బులు మెరవాలని ఆయన ముచ్చట. చైర్మన్ మనుషులు వీధి స్తంభానికి నిచ్చెన వేసి, పైన పోతున్న కరెంటు లైనుకి తీగ తగిలించారు. బల్బులు మెరిశాయి. చైర్మన్ ముద్దాడాడు. కుక్కపిల్ల ఆయన చెవి నాకింది. పీయే ఆ చెవిని మందునీళ్ళతో కడిగాడు. అందరూ వెళ్ళిపోయారు. మనుషులు బల్బులు విప్పుకుని పోయారు గానీ తీగ విప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది. ముందురోజు వానకి రోడ్డు మీద మడుగు కట్టి ఉంది. తీగ కొస జారి జారి అందులోకి దిగింది.

ఆ సాయంత్రం ఆమడదూరం ఆఫీసుకి రాలేదు. బయటినుంచే ఫోటోలు పంపించి, “కరెంటాఫీసులో ఉన్నాను, సంగతంతా వచ్చి చెప్తాను, అప్పటిదాకా వెయ్యొద్దు” అని ఎడిటర్‌కి ఫోన్ చేశాడు. ఎడిటర్ మొదటి సగం విన్నాడు. రెండో సగం వినే అలవాటు ఆయనకి లేదు.

ఫోటోల్లో ఒకటి చైర్మన్ది. ఇంకొకటి ఆ వీధి ఊడ్చే ఆవిడది. ఆవిడ వీధిలోకి వస్తేనే తెల్లారినట్టు లెక్క గనక జనం తెల్లారక్క అంటారు. తెల్లారక్క రెండు చేతులతో చీపురు పైకెత్తి ఉంది. ఎదురుగా వీధికుక్క ఒకటి నేలకి కరుచుకుపోయి ఉంది.

ఎడిటర్ ఆ ఫోటో చూసి కుర్చీలోంచి లేచాడు. “ఆహా! కత్తెరమ్మా, ఇటు చూడు. ఎడమపక్క చైర్మన్, కుక్కపిల్ల. కుడిపక్క ఇది. పైన పెద్దక్షరాలు: ‘కరుణ అక్కడ, క్రూరత్వం ఇక్కడ!’ ఎలా ఉంది?”

“మావయ్య వచ్చాక అడిగి...”

“ఆయనొచ్చేసరికి పేజీ అచ్చుకి పోతుంది. ఒక్క కాలమ్ చోటుంది, ఇరికించు.”

ఒక్క కాలమ్ అంటే అరచేతి వెడల్పు. కత్తెర ఆ పక్కా ఈ పక్కా కోసింది. కింద ఎడమవైపు ఏదో నల్లటి గీత వంకరటింకరగా ఉంది. అందవికారంగా ఉందని దాన్నీ కోసేసింది. మిగిలింది చీపురు, మొహం, కుక్క. పేజీ నీటుగా వచ్చిందని ఆమె తృప్తిపడి ఇంటికెళ్ళింది కూడా.

మర్నాడు ఊరు భగ్గుమంది. ఆ ఊళ్ళో అంతమంది జంతుప్రేమికులున్నారని జంతువులకి అప్పటిదాకా తెలియదు. జంతుప్రేమికుల సంఘం అధ్యక్షురాలు కన్నీళ్ళతో ప్రకటన ఇచ్చింది. ఆవిడ కుక్క బాల్కనీలో గొలుసుకి కట్టేసి ఉండి, అరిచీ అరిచీ ప్రకటన సగం వినబడకుండా చేసింది. చెప్పుల దుకాణం ఆయన “తోలుకి కూడా ప్రాణం ఉంటుందండీ” అని ఆవేశపడ్డాడు. నిన్నటిదాకా ఆ కుక్కని రాళ్ళతో తరిమిన వీధివాళ్ళు దానికి పాలు తెచ్చారు. కుక్క ఆ పాలకేసి, వాళ్ళ చేతులకేసి చూసి, రాళ్ళు ఎక్కడ దాచారా అని చుట్టూ తిరిగి చూసుకుంది.

పురపాలక కార్యాలయంలో విచారణ జరిగింది. తెల్లారక్కని పిలవలేదు. వీధిలో ఎవర్నీ అడగలేదు. పత్రికలో ఫోటోని భూతద్దం కింద పెట్టి విచారించారు. అది నేరం ఒప్పుకుంది. తెల్లారక్కని పనిలోకి రావద్దన్నారు. ఆవిడది అసలే కాంట్రాక్టు పని. రావద్దనడానికి కాగితం అక్కర్లేదు, మేస్త్రీ చెయ్యి ఊపితే చాలు. ఇంట్లో సంపాదన ఆవిడదొక్కటే. చదువుకుంటున్న కూతురు, మంచంమీదున్న అత్త ఆ చీపురు మీదే బతుకుతున్నారు.

ఆమడదూరం ఆఫీసులోకి వస్తూనే తిన్నగా కత్తెర దగ్గరికి వెళ్ళాడు. కేకలేస్తాడనుకుంది. ఆయన కుర్చీ లాక్కుని, ఆ ఫోటో మొత్తం తెరిచి, తెర మీద వేలుపెట్టాడు.

“ఇదేంటో చెప్పు.”

“గీత.”

“గీత కాదే తల్లీ, తీగ. కరెంటు తీగ. ఇది మడుగు. ఆ వెధవ కుక్క నీళ్ళు తాగుదామని మడుగుకేసి పోతోంది. ఎంత అదిలించినా పోదు. దాని పేరు దొర. పేరుకి తగ్గట్టే, చెప్తే వినే రకం కాదు. తెల్లారక్క పరిగెత్తుకొచ్చి మధ్యలో నిలబడి చీపురెత్తింది. నేను వీధి ఇవతల నుంచి ఒక చేత్తో కరెంటాఫీసుకి ఫోన్ చేస్తూ, ఒక చేత్తో ఇది తీశాను. ఆవిడ అక్కడ నిలబడకపోతే దొర ఉండేవాడు కాదు. బడి వదిలిన పిల్లలెవరైనా అందులో కాలు పెట్టినా...”

కత్తెర ఆ గీతని తెర మీద పెంచి చూసింది. తర్వాత లేచి ఎడిటర్ గదిలోకి విసురుగా వెళ్ళింది.

“సార్, సవరణ వెయ్యాలి.”

“సవరణ వేస్తే పత్రిక పరువేం కావాలి? పైగా తీగ ఎవరిదని అడుగుతారు. చైర్మన్‌గారి ప్రకటనలు లేకపోతే మన జీతాలు ఎవరిస్తారు, దొరగారా?”

“ఒక మనిషి పని పోయింది సార్!”

“ఫోటోలో ఉన్నదే వేశాం కదమ్మా. ఫోటో అబద్ధం చెప్పదు.”

“చెప్పదు సార్. మనం చెప్పిస్తాం.”

“మాటలు బాగున్నాయి. వెళ్ళి పేజీ చూసుకో.”

కత్తెర వెళ్ళి పేజీ చూసుకుంటూ కూర్చుంది. చూసుకుంటున్నంతసేపూ మౌసుని కసిగా నొక్కుతూనే ఉంది. ఆ వారమంతా ఏ ఫోటో కోయబోయినా ముందు నాలుగు మూలలా గీతల కోసం వెతికింది. ఆమడదూరం పురపాలక కార్యాలయానికి వెళ్ళి ఫోటో మొత్తం చూపించాడు. “ఇది పత్రికలో రాలేదు కాబట్టి సాక్ష్యం కాదు,” అన్నాడు అధికారి. అచ్చయిందే నిజమని ఆయన గట్టి నమ్మకం.

సరిగ్గా అప్పుడే చైర్మన్ పీయే ఆఫీసుకి దిగాడు. వచ్చే ఆదివారం చైర్మన్‌గారు పదవిలోకొచ్చిన రోజట. నిండు పేజీ కావాలట.

“మొన్న మా సార్ని మరీ పిసినారిగా కోశారండీ,” అని పీయే కత్తెర బల్ల మీద వాలాడు. “వెనకాల అంత జనం, అంత హంగామా, ఒక్కటి కూడా కనబళ్ళేదు. సార్ చాలా బాధపడ్డారు. ఈసారి ఆ రోజు ఆ వీధిలో తీసిన ఫోటోలు ఒకటో రెండో పెద్దవి వెయ్యండి. అంగుళం కూడా కొయ్యొద్దు. సార్ మాటగా చెప్తున్నా.”

“అంగుళం కూడానా అండీ?” అంది కత్తెర.

“అర అంగుళం కూడా.”

“విన్నావుగా,” అన్నాడు ఎడిటర్ గుమ్మంలోంచి.

“విన్నాను సార్. శుభ్రంగా విన్నాను.”

ఆ పేజీ కూర్చడంలో ఆమె కత్తెర ముట్టుకోలేదు. ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి. పైన సగం ఒక ఫోటో, కింద సగం ఒక ఫోటో. పైదాని కింద ‘కార్యక్రమం జరుగుతుండగా’ అని రాసింది. కిందిదాని కింద ‘కార్యక్రమం ముగిశాక, అదే వీధి’ అని రాసింది. అంతకుమించి ఒక్క అక్షరం లేదు.

ఎడిటర్ పేజీ చేతిలోకి తీసుకుని కళ్ళు చికిలించాడు. “చైర్మన్ ఏడమ్మా?”

“అదుగో సార్, బోర్డు కింద, తెల్లచుక్క.”

“ఆ చుక్కా! ఆ కింద ఫోటోలో ఎక్కడున్నారు?”

“అందులో వెళ్ళిపోయారు సార్. ఆ వీధిలో ఆ రోజు తీసిందే. కొయ్యమంటారా?”

ఎడిటర్ నోరు తెరిచాడు. పీయే చెప్పిన అర అంగుళం గుర్తొచ్చి నోరు మూశాడు. చైర్మన్ కోపం ఒకపక్క, పేజీ పంపాల్సిన వేళ ఒకపక్క. సంతకం గీకి కళ్ళజోడు తీసేశాడు. ఆ తర్వాత జరిగేది స్పష్టంగా చూడాలని ఆయనకి లేదు.

ఆదివారం ఊరంతా ఒకటే పని. చైర్మన్ ఎక్కడ? టీకొట్టు దగ్గర, బస్సుల్లో, మంగలిషాపులో, నిండు పేజీ పరిచి చైర్మన్ని వెతికారు. వెతకబోయి ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ చూడనివన్నీ చూశారు.

“ఇదుగో దొరికాడు!”

“అది చైర్మన్ కాదురా, నిచ్చెన మీద ఎవడో. స్తంభానికి తగిలించిన తీగ ఊడకుండా పట్టుకున్నాడు.”

“ఒరే, ఆ తీగే కింద ఫోటోలో మడుగులో ఉంది చూడు!”

“అయితే ఈవిడ కుక్కని కొట్టట్లేదా?”

“పై ఫోటోలో ఆ మూల చూడండి. అదే కుక్క, ఆవిడ కాళ్ళ మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. కొట్టేవాళ్ళ కాళ్ళ మీద ఏ కుక్కైనా పడుకుంటుందా?”

“మరి చైర్మన్ చేతిలో కుక్కపిల్ల?”

“దూరం నుంచి చూస్తే తెలుస్తోంది. పాపం అది పారిపోవాలని చూస్తోంది!”

సోమవారం పొద్దుటికి కార్యాలయం ముందు జనం పోగయ్యారు. వీధి ఊడ్చేవాళ్ళు ఒక్కరూ చీపురు పట్టలేదు. ఆ ఒక్క పూటకే ఊరు తన చెత్తని తను చూసుకుని హడలిపోయింది. మధ్యాహ్నానికల్లా తెల్లారక్కని పనిలోకి రమ్మన్నారు. ఈసారి కాగితం కూడా ఇచ్చారు. తీగ సంగతి తానే విచారిస్తానని చైర్మన్ ప్రకటించాడు. తన మీద తానే విచారణ జరుపుకునే నిజాయితీపరుణ్ణి ఊరు అంతవరకూ చూడలేదు.

ఇలాంటివాటికి ఆఖరి ఘట్టం ఎప్పుడూ ఒకటే. తెల్లారక్క పక్కన, దొర పక్కన నిలబడి ఫోటో దిగాలని చైర్మన్ ఆశపడ్డాడు. “ఈసారి మీ మావయ్య చేత దగ్గరుండి దగ్గర్నుంచి తీయించు,” అని ఎడిటర్ కత్తెరని కూడా పంపించాడు.

వీధిలో అంతా సిద్ధంగా ఉన్నారు. చైర్మన్ తెల్లారక్క భుజమ్మీద చెయ్యి వెయ్యబోయాడు, ఆవిడ చీపురు ఆ భుజానికి మార్చుకుంది. దొర ఎవరు పిలిచినా రాక, వచ్చి వచ్చి కత్తెర ముందు చతికిలబడ్డాడు. ఆమడదూరం కెమెరా తీశాడు. వెనక్కి నడవడం మొదలెట్టాడు. మురుక్కాలువ దాటాడు. రోడ్డు దాటాడు. కూరల బండి వెనక్కి పోయాడు.

“మావయ్యా! దగ్గరికి రా! ఇంకా ఎక్కడికి పోతున్నావ్? రా ఇటు!” అని కత్తెర చెయ్యెత్తి గొంతు చించుకుంది. ఆయన అక్కణ్ణుంచే టపటపా నొక్కేసి, చెయ్యూపి, మాయమయ్యాడు.

సాయంత్రం తెల్లారక్క పని ముగించుకుని ఇంటికి బయల్దేరాక కత్తెర ఆవిడ వెనకాలే నడిచింది. క్షమాపణ చెప్పాలి. దారంతా మాటలు కూర్చుకుంది. ఇరుకు సందు, వరసగా ఒంటిగదుల ఇళ్ళు. గుమ్మం దగ్గరికి రాగానే కూర్చుకున్నదంతా చెదిరిపోయింది.

“అక్కా, ఆ ఫోటో కోసింది... నేనే.”

తెల్లారక్క ఆమెని ఎగాదిగా చూసింది. “నువ్వేనా? నా చీపురు సగానికి కోసేశావ్. కొత్తది పాపా అది, ఆ రోజే కట్టుకున్నా. వేస్తే మొత్తం వెయ్యొద్దూ?”

“నా వల్ల నీ పని పోయింది కదక్కా.”

“పోయింది. అత్త మందులు రెండురోజులు ఆగినయ్. నిన్ను తిట్టని తిట్టు లేదులే. మొహం తెలీక నీ పత్రిక మొత్తాన్ని తిట్టా.” ఆవిడ చీపురు మూలన పెట్టింది. “మళ్ళీ అతికించావంట కదా. సరే, లోపలికి రా.”

లోపల అడుగుపెట్టిన కత్తెర అక్కడే నిలబడిపోయింది. ఎదురుగా గోడనిండా ఫోటోలు. తెల్లారక్క నవ్వుతూ, దొర ఆవిడ చెంప నాకుతూ. తెల్లారక్క కూతురు ఒళ్ళో కోడిపిల్లతో. అత్త మంచం పక్కన మేకతో. అన్నీ నిండు మొహాలు, అరచేతికన్నా పెద్దవి. కాస్త మసగ్గా, గింజలు గింజలుగా ఉన్నాయి. ఎక్కడో దూరంగా ఉన్నదాన్ని లాగి లాగి పెంచితే వచ్చే గింజలు అవి. ఆ గింజలు కత్తెరకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

“ఇవి ఎవరు తీశారు?”

“ఇంకెవరు, మీ మావయ్య. ఈ కోడిపిల్లది లైబ్రరీ తెరిచిన రోజు. చైర్మన్ అటుపక్క రిబ్బను కోస్తున్నాడు, మేం ఈ చివర నిలబడ్డాం.”

ఆ ఫోటో కత్తెరకి గుర్తుంది. రిబ్బను ఉంచి ఈ చివర కోసింది తనే.

“మరి మిమ్మల్నే నిలబెట్టి తీయొచ్చు కదా?”

“నిలబెడితే మేస్త్రీ ఊరుకుంటాడా? పని మానేసి ఫోటోలేంటని జీతం కోస్తాడు. పెద్దోళ్ళేమో ‘వీళ్ళకెందుకయ్యా ఫోటో’ అంటారు. అందుకే ఆ మహానుభావుడు చైర్మన్ని తీస్తున్నట్టు నటిస్తాడు. మేం ఫోటోలో పడేదాకా వెనక్కి పోతానే ఉంటాడు. తర్వాత మా ముక్క కోసి, పెద్దది చేసి, కవర్లో పెట్టి ఇంటికి తెచ్చిస్తాడు. పక్కింట్లో అటెండరుది ఉంది చూడు, కుందేలుతో. రాజాలా ఉంటాడు. ఆ చివరింట్లో గుర్రం తోలే ఆయన. ఈ సందులో ఫోటో లేని గోడ లేదు. నీకు చెప్పలేదా?”

“లెన్సుకి చత్వారమని చెప్పాడు.”

“మా దగ్గరైతే ‘మా కోడలికి జాలి గుండె, తెలిస్తే పేజీలో కొయ్యలేక ఉద్యోగం పోగొట్టుకుంటుంది’ అన్నాడు.”

అంతలో గుమ్మంలోకి ఆమడదూరమే ఊడిపడ్డాడు. చొక్కా జేబులోంచి కవరు తీయబోతూ కోడల్ని చూసి, దొంగతనంగా మిఠాయి తింటూ దొరికిన పిల్లాడిలా బిగుసుకుపోయాడు.

“నువ్విక్కడేంటే?”

“జేబులో బీడీలేనా మావయ్యా?” అంది కత్తెర.

ఆయన తెల్లారక్క కవరు పక్కనపెట్టి, ఇంకో కవరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. “ఇది నీకే. ఆ మూల బాగా పడ్డావ్. ఇన్నాళ్ళూ అందర్నీ పేజీలో కూర్చోబెట్టడమే గానీ నీ ఫోటో ఎవరు తీశారు కనక?”

కత్తెర కవరు విప్పింది. ఫోటోలో తనే. నిండు మొహం. కళ్ళెర్రజేసి, నోరు తెరిచి, చెయ్యి ఆకాశానికెత్తి ఉంది. కాళ్ళ ముందు దొర. నిద్రలేచి ఒళ్ళు విరుచుకుంటున్నాడేమో, ముందుకాళ్ళు చాపి, చెవులు వెనక్కి వాల్చి, నేలకి అతుక్కుపోయి ఉన్నాడు.

తెల్లారక్క తొంగిచూసి గుండెలమీద చెయ్యేసుకుంది. “అయ్యయ్యో పాపా! నోరులేని జీవాన్ని ఎందుకమ్మా అట్టా కొడతావ్?”

“నేను కొట్టట్లేదు! మావయ్యని పిలుస్తున్నాను! మావయ్యా, మిగతా ముక్క ఏది? నువ్వు రోడ్డవతల ఉన్నావని ఎలా తెలుస్తుంది? ఇది బయటపడితే రేపు నా గతేంటి?”

“ఆ మిగతాదాంట్లో నేనుంటానా? ఎవడైనా కెమెరా వెనకాలే కదే ఉంటాడు!”

తెల్లారక్క ఫోటో లాక్కుని, రాయి అందుకుని, తన ఫోటో పక్కనే మేకు కొట్టడం మొదలెట్టింది. “ఇది ఇక్కడే ఉంటది. వచ్చినోళ్ళందరికీ ఇందులో అసలు సంగతేంటో నేనే చెప్తా.”

“ఏం చెప్తావక్కా?” అంది కత్తెర భయంభయంగా.

“అదింకా అనుకోలేదు,” అంది తెల్లారక్క మేకు సరిచూసుకుంటూ. “నువ్వు టీ తాగి వెళ్తే ఒకలాగ చెప్తా. తాగకుండా వెళ్తే ఇంకోలాగ.”

కత్తెర మారుమాట్లాడకుండా పీట లాక్కుని కూర్చుంది.